మిగిలింది నాకు

రామేశ్వరమ్మ మెడలో తాళిబొట్ల పక్కన ఇంకో బిళ్ళ ఉంది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో అచ్చుపోయించిన చిన్న బిళ్ళ. దాని మీద ఒక ఆడరూపం. ఆ రూపానికి కళ్ళు లేవు, నోరు లేదు. నడుము దగ్గర ఒక గీత, పాదాల దగ్గర ఒక గీత. పెళ్ళిలో చెన్నకేశవ మూడు ముళ్ళు వేసి చెయ్యి తీయకముందే, అత్త ఓబుళమ్మ ముందుకు వంగి ఆ బిళ్ళను అదే పసుపుతాడుకు కట్టింది. చనిపోయిన మొదటి భార్య గుర్తుగా రెండో భార్య కట్టుకునే సవతి బిళ్ళ అది. ఉన్నదాని గుండె మీద పోయినది ఊగుతూ ఉంటే, పోయినదాని కోపం ఇంటి మీదికి రాదని పెద్దల నమ్మకం.

పోయినదాని పేరు నాగేశ్వరమ్మ. ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకరు. సవతమ్మ అంటారు.

ఇంటి గోడలో సవతమ్మకు ఒక గూడు. గూట్లో ఆమె దువ్వెన, ఆమె గాజులు, ఆమె కుంకుమభరిణ. గూటి కింద నేల మీద ఒక పీట. ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు ఆ పీట మీదికి చేరాలి. చీర కొంటే చీర, గాజులు కొంటే గాజులు, కొత్త బియ్యం వండితే మొదటి ముద్ద. రామేశ్వరమ్మ చేతులు జోడించి, "ముందు నీకు, మిగిలింది నాకు" అనాలి. కొంతసేపు ఆగాలి. ఆ తరువాత "అక్కా, నాకియ్యి" అని అడిగి, కళ్ళకద్దుకుని తీసుకోవాలి.

మొదటి మాట ఆమె రోజూ అనేది. రెండో మాట ఒక్కనాడూ అనలేదు. పెదవులు కదిపేది, అత్త వెనక నిలబడి ఉంటే ఇంకొంచెం కదిపేది. అక్క అన్న పిలుపు మాత్రం గొంతు దాటి వచ్చేది కాదు.

సవతి బతికి ఉంటే ఎంత బాగుండునో అని ఆమె తరచు అనుకునేది. బతికున్నదానితో కొళాయి దగ్గర కలబడవచ్చు. దాని కూరలో ఉప్పెక్కువైతే నవ్వవచ్చు. దాని తల నెరిస్తే లోలోపల పండగ చేసుకోవచ్చు. చచ్చినదానికి తల నెరవదు, కూర చెడదు, మాట తూలదు. రామేశ్వరమ్మ రొట్టె మాడిస్తే అది రామేశ్వరమ్మ తప్పు. నాగేశ్వరమ్మ ఏనాడో మాడ్చిన రొట్టె కూడా ఇప్పుడు ఆ ఇంట తీపి తలపోత.

నాగేశ్వరమ్మ చావు కథ ఊరందరికీ తెలుసు. చెన్నకేశవది గొర్రెల మందల మీద బతికిన కుటుంబం. మందల నుంచి సేద్యంలోకి దిగి, సేద్యం నుంచి పార్టీలోకి దిగి, ఒక నాయకుడి వెనక అతడు జీపెక్కాడు. వాళ్ళ పల్లె నుంచి జమ్మలమడుగు ఆసుపత్రికి పోయే నేరుదారి ఎదుటి పార్టీ ఊరి నడుమగా పోతుంది. నాగేశ్వరమ్మకు నెలలు నిండకుండానే నొప్పులు మొదలైన నాడు, ఆ ఊరి మొగదల బాంబులు పట్టుకుని మనుషులు కాచుకున్నారని కబురు వచ్చింది. చెన్నకేశవ జీపును చుట్టుదారికి తిప్పించాడు. ఆ చుట్టుదారిలోనే, కడుపులోని బిడ్డతోనే, ఆమె ప్రాణం పోయింది. నేరుగా పోయి ఉంటే ఆమె బతికేది, అతడు చచ్చేవాడు. ఆ మాట ఎవరూ అతడి ముందు అనలేదు. అనకపోయినా అతడు ప్రతిపూటా వింటూనే ఉన్నాడు.

అందుకే రామేశ్వరమ్మ నెల తప్పిందని తెలియగానే ఆమెను, తన తల్లిని ప్రొద్దుటూరుకు మార్చాడు. తాను పల్లెలో, జీపులో, పార్టీ పనుల్లో ఉండి, వీలు చిక్కినప్పుడు వచ్చి పోయేవాడు. ఓబుళమ్మ గూటి సామాను ఒడిలో కట్టుకుని వచ్చి బాడుగ ఇంటి గోడలోనూ ఒక గూడు చూసుకుంది.

"నీ మీద నా కొడుక్కు ఎంత ప్రేముందో సూసినావామ్మే?" అంది కోడలితో.

రామేశ్వరమ్మ చూసింది. ఆ జాగ్రత్త తన కోసం పుట్టింది కాదు. ఒకరికి చేయలేకపోయిందే ఇంకొకరికి చేస్తున్నాడు. కడుపు మీద చెయ్యి వేసి "ఎట్లుండావు?" అని అడిగేటప్పుడు కూడా అతడి చూపు గూటి వైపే ఉండేది.

ఐదో నెలలో ఆమెకు సినిమా మీద మనసైంది. పక్కింటి లాల్‌బీ తోడు వచ్చింది. ఆ వీధిలో పుట్టిన పసిబిడ్డలందరికీ నూనె రుద్ది నీళ్ళు పోసే మనిషి లాల్‌బీ; భయపడటం ఎరగదు, నోరు మూయడమూ ఎరగదు. చెన్నకేశవ మనుషులిద్దరు వెనక వరుసలో కూర్చున్నారు. తెర మీద ఒక బాలింత ఇంట్లో దయ్యం తిరుగుతోంది. తెల్లచీర, విరబోసిన జుట్టు, వెనక్కి తిరిగిన పాదాలు. అది ఉయ్యాల మీదికి వంగినప్పుడల్లా బాలింత కెవ్వుమనేది, హాలు ఈలలు వేసేది. ఆఖరుకు మంత్రగాడొకడు వేపమండలు, చీపురు, పాత చెప్పు పట్టుకుని వచ్చి దాన్ని తరిమాడు.

రామేశ్వరమ్మకు భయం కలగలేదు. ఆ బాలింత మీద కోపం వచ్చింది. తన బిడ్డ మీదికి పరాయిది వంగితే కేకలు వేస్తుందేమిటి, జుట్టు పట్టుకుని బయటికి ఈడ్వక?

ఇంటికి వచ్చేసరికి ఓబుళమ్మ గడపలో నిలబడి ఉంది.

"ఏమ్మే, కడుపుతో ఉండి దయ్యం సినిమాకు పోతావా? లోపలి బిడ్డకు కండ్లు లేవనుకుంటివా?"

"బిడ్డ యాడ భయపడతాడక్కా?" అంది లాల్‌బీ. "దాని జుట్టు జూసి నవ్వుతాడు. అంత సినిమా తీసినోళ్ళు పాపం దానికొక దువ్వెన కొనియ్యకపోయిరే!"

దువ్వెన అనగానే ఓబుళమ్మ గూటి వైపు చూసి చెంపలు వేసుకుంది. లాల్‌బీ నాలుక కరుచుకుని తన ఇంటికి వెళ్ళిపోయింది.

కాన్పుకు జమ్మలమడుగు పోయారు. పెన్న ఒడ్డున పాత మిషన్ ఆసుపత్రి. ప్రొద్దుటూరులో ఆసుపత్రులు లేక కాదు. "ఆడికే తీసకపోవాలని నాకు ముందునుంచీ ఉండాది" అన్నాడు చెన్నకేశవ, ఎవరినని చెప్పకుండా. చెప్పనవసరం లేదు. ఆమె చేరలేని చోటికి ఈమెను చేర్చాడు.

మగబిడ్డ పుట్టాడు. చెన్నకేశవ బిడ్డను రెండు చేతుల్లోకి తీసుకుని, వాకిట్లో తన మనుషులు చూస్తున్నా సిగ్గుపడకుండా ఏడ్చాడు.

"ఈసారి దక్కిచ్చుకుంటి" అన్నాడు.

ఈసారి. ఆ ఒక్క మాట రామేశ్వరమ్మకు పురిటినొప్పి కన్నా లోతుగా దిగింది. ఆమెకు వాడు తొలిచూలు. అతడికి మాత్రం తిరిగి చేసిన ప్రయత్నం. తన కొడుకు పుట్టాడని కాదు, పోయినది తిరిగి వచ్చిందని అతడు ఏడ్చాడు.

ఆ మాటను ఆమె మనసులో దాచుకుని ప్రొద్దుటూరుకు తెచ్చుకుంది. పురుటి స్నానమైన నాడు, ఓబుళమ్మ నీళ్ళకు పోయిన వేళ, ఇంట్లో ఎవరూ లేరు. రామేశ్వరమ్మ బిడ్డను ఎత్తుకుని గూటి ముందుకు వచ్చింది. తలస్నానం చేసిన జుట్టు, సాంబ్రాణి పొగ, నిండిన రొమ్ములు. ఆమె జీవితంలో తనకు తాను అంత అందంగా ఎన్నడూ తోచలేదు.

"సూడు" అంది గూటితో. "కండ్లారా సూడు. నువ్వు కట్టి ఇడిసిన చీరలు కట్టినా. నువ్వు తిన్న ఎంగిలి తిన్నా. ఈ పని మాత్రం నీ చేత కాల్యా. నా చేత అయింది."

బాగా కనపడాలని బిడ్డను పీట మీద పడుకోబెట్టింది. చేతులు జోడించాలని ఆమె అనుకోలేదు, చేతులే జోడయ్యాయి. పెళ్ళైన నాటి నుంచి ఆ పీట ముందు వంగిన ప్రతిసారీ పలికి పలికి అరిగిన నాలుక, ఆమెను అడగకుండానే, తన పని తాను చేసింది.

"ముందు నీకు, మిగిలింది నాకు."

అన్నాక ఒక్క క్షణం తానే విస్తుపోయింది. తరువాత నవ్వుకుంది. అడగకుండానే బిడ్డను ఎత్తుకుని లోపలికి నడిచింది.

ఆ సాయంత్రం బిడ్డ పాలు తాగలేదు.

నోటికి రొమ్ము అందిస్తే ముఖం తిప్పుకున్నాడు. ఏడవలేదు. ఆకలి లేనివాడిలాగా, ఎక్కడో కడుపునిండా తాగి వచ్చినవాడిలాగా, తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు. మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే. ఆమె రొమ్ములు రాళ్ళలా గట్టిపడి జ్వరం కాసింది. పాలు పిండి గోడకు పోసింది. పాలు గోడ మీద చారలై ఎండిపోతుంటే, ఉయ్యాలలో బిడ్డ పెదవుల చివర తెల్లగా ఒక చుక్క మెరుస్తూ ఉండేది. ఆ చుక్క ఆమెది కాదు.

వీధిలో ఆడవాళ్ళు వచ్చి చూసి పోయేవారు. "బంగారట్లా బిడ్డ. ఏడుపన్నదే ల్యా" అనేవారు. నిజమే. బిడ్డ ఆమె ఎత్తుకున్నప్పుడే ఏడ్చేవాడు. దించితే నవ్వేవాడు. ఆ నవ్వు ఆమెకు కాదు. ఆమె భుజం మీదుగా వెనకకు.

ఒక మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. వీధి నిప్పుల మీద పెనంలా ఉంది. కుక్క కూడా కదలడం లేదు. జ్వరం మత్తులో ఒరిగిన రామేశ్వరమ్మ కళ్ళు తెరిచింది. దూలానికి కట్టిన చీర ఉయ్యాల మెల్లగా ఊగుతోంది. ఉయ్యాల పక్కన ఒక ఆడమనిషి కూర్చుని ఉంది, ఇటు వీపు పెట్టి.

తెల్లచీర కాదు. నిన్న తాను కట్టి విడిచిన చిలకపచ్చ చీర. జుట్టు విరబోసుకోలేదు, నున్నగా దువ్వి, జడ వేసి, కనకాంబరాలు తురుముకుంది. రామేశ్వరమ్మ చూపు పాదాల మీదికి పోయింది. తిరగబడలేదు. పసుపు రాసిన చక్కని పాదాలు, వేళ్ళకు మెట్టెలు. సినిమాలో చూపినది ఒక్కటీ నిజం కాదు. ఎవరి ఇంటికో వచ్చిన దయ్యంలా లేదు ఆమె. తన ఇంట్లో తన బిడ్డకు తాను పాలిచ్చుకుంటున్న ఇల్లాలిలా ఉంది.

రామేశ్వరమ్మ కెవ్వుమనలేదు. జుట్టు పట్టి ఈడ్వాలని చెయ్యి చాచింది. చెయ్యి ఉయ్యాల తాడును తప్ప దేన్నీ తాకలేదు. బిడ్డ ఉలిక్కిపడి, నోటి దగ్గరిది ఎవరో లాక్కున్నట్టు, వెక్కి వెక్కి ఏడ్చాడు.

తరువాతి వారం చెన్నకేశవ వచ్చాడు. ఎన్నికలు దగ్గరపడ్డాయి, జీపు నిండా జెండాలు, జెండాల కింద ఏమున్నాయో ఎవరూ అడగరు. అతడు నేరుగా బిడ్డ ఉన్న గదిలోకి పోయాడు. కొంతసేపటికి వంటింటి గడపలో వచ్చి నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది, కళ్ళు మెరుస్తున్నాయి.

"ఆ పాట నీకెవరు నేర్పిచ్చిరి?"

"ఏ పాట మామా?"

"ఇప్పుడు లోపల పాడితివే. *పెన్నమ్మ ఇసకలో పేరు రాస్తిని, నీరొచ్చి తుడిసిపాయె, నిదరపో కొడకా. ఊరికెంతో దూరమైతె ఒడికి దూరమా, ఉలికిపడక కొడకా, నిదరపో కొడకా.* అది ఆమె కట్టిన పాట. కడుపు మీద చెయ్యేసుకొని పాడతాండె. నాకు తప్ప ఎవరికీ తెల్దు."

"నేను ఈడ రొట్టెలు కాలుస్తాండా" అంది రామేశ్వరమ్మ.

పెనం మీద రొట్టె పొగలు కక్కింది. ఇద్దరూ దాన్ని తీయలేదు. చెన్నకేశవ ముఖంలో ముందు భయం, ఆ తరువాత రామేశ్వరమ్మ ఎన్నడూ చూడనిది ఏదో కదిలింది. అతడు వెనక్కి తిరిగి మెల్లగా, నిద్రపోయేవాళ్ళు లేస్తారేమోనన్నట్టు అడుగులు వేస్తూ, ఆ గదిలోకి పోయి ఉయ్యాల పక్కన నేల మీద కూర్చున్నాడు. బయట మనుషులు హారన్ కొట్టినా లేవలేదు. రామేశ్వరమ్మ తలుపు సందులో నుంచి చూసింది. ఖాళీ గోడ వైపు తిరిగి, పెళ్ళిచూపులకు వచ్చిన పిల్లవాడిలా తల కొంచెం వంచి, అతడు నవ్వుతున్నాడు. తన వైపు ఆ ముఖం ఒక్కసారి తిరిగి ఉంటే, ఆ ఇంట ఎన్ని మిగిలిన ముద్దలైనా ఆమె తిని ఉండేది.

మొగుడూ పోయాడు, కొడుకూ పోయాడు. ఇల్లు మాత్రం ఊడ్వడానికి మిగిలింది.

అతడు వెళ్ళగానే రామేశ్వరమ్మ వేపమండలు విరుచుకొచ్చి ఆ గది గడపకు అడ్డంగా కట్టింది. పాత చీపురు, తెగిన చెప్పు తలుపుకు వేలాడదీసింది. సినిమాలో చూసింది అదే. ఆమెకు తెలిసిన మంత్రమూ అంతే.

పొద్దున లాల్‌బీ బిడ్డకు నీళ్ళు పోయడానికి వచ్చి కాగు మూత తీసింది. "మంచి పని చేస్తివి బేటీ. నీళ్ళల్లో యాపాకు ఏసినావు. ఒంటి మీద చెమటకాయలు పోతాయి."

"నేను ఏయల్యా."

గడపకు కట్టిన మండలు లేవు. చీపురుతో గది శుభ్రంగా ఊడ్చి ఉంది. తెగిన చెప్పు బయట చెప్పుల వరుసలో పొందికగా ఉంది. లాల్‌బీ ఆ గడపను, ఆ కాగును, రామేశ్వరమ్మను వరసగా చూసింది. ఏదో హాస్యం ఆడబోయి ఆపుకుంది. కాళ్ళు చాచి కూర్చుని, బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుంది. నూనె రాస్తున్న చెయ్యి ఉన్నట్టుండి నిలిచిపోయింది.

"ముఖం సూస్తే నిండుగుండాడు" అంది నెమ్మదిగా. "కాళ్ళ మీద బరువు తెలుస్తాల్యా. గుడ్డ ఆరేసుకున్నట్టుండాది. ఇప్పుడే ఆసుపత్రికి తీసకపో."

జమ్మలమడుగు ఆసుపత్రిలో తూచారు. పుట్టిన నాటి కన్నా తగ్గాడు. డాక్టరమ్మ త్రాసు ముల్లును, తల్లి తడిసిన రవికను మార్చి మార్చి చూసింది. "ఇన్ని పాలు పెట్టుకుని బిడ్డను పస్తు పెడుతున్నావా తల్లీ? ఇట్లే పోతే ఈ వారం దాటడు." గొట్టంతో పట్టిన పాలు పట్టినట్టే బయటికి వచ్చాయి.

ఆసుపత్రి వరండాలో, కటిక నేల మీద, రామేశ్వరమ్మ అత్త కాళ్ళ దగ్గర కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పింది. పీట, బిడ్డ, నోరు జారిన మాట. ఓబుళమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"పానమున్నదాన్ని పెట్టినావా? గొర్రె ఈనితే పిల్లను ఆ గూటి పక్క పోనిచ్చేది ల్యా మేము. దూడనైనా పోనియ్యము. గుడ్డా గాజూ బువ్వా, అంతవరకేనమ్మే ఆ మాట!"

"నాకు ఎవురు చెప్పిరత్తా?"

"ఇది కూడా చెప్పాల్నా? కన్నబిడ్డను సవతి ముందర పెట్టి 'ముందు నీకు' అంటారా ఎవరైనా?"

నిజం చెప్పాలంటే, రామేశ్వరమ్మ పెట్టింది ఇవ్వడానికి కాదు, సవతిని ఏడ్పించడానికి. ఆ సంగతి అత్తకు చెప్పలేకపోయింది.

ఓబుళమ్మ చాలాసేపు పెన్న వైపు చూసింది. ఏటిలో నీళ్ళు లేవు, ఇసుక మీద ఎండ పాకుతోంది. "సవతమ్మ తల్లి సుంకులమ్మ పులివెందులలో ఉండాది" అంది చివరకు. "రెండో పెండ్లాం మొదటిదాని తల్లికి కూతురే అవుతాది, వాడుక. పోయి ఆయమ్మ కాళ్ళ మీద పడు. బిడ్డ చెయ్యిడిసిపెట్టమని తల్లి చెప్తే ఇంటాదేమో. నేను రాలేను. ఏ ముఖం పెట్టుకొని వస్తా?"

పులివెందుల బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. దారి పొడవునా గోడల మీద గుర్తులు, జెండాలు, ఎదురయ్యే జీపుల్లో మైకులు. బస్సు నిండినా ఆమె పక్క సీటులో ఎవరూ కూర్చోలేదు. వచ్చినవాళ్ళు వచ్చి, చూసి, ముందుకు జరిగి నిలబడ్డారు. కండక్టర్ వచ్చాడు.

"రెండా?"

"ఒకటే."

"మరి ఆయమ్మకు? మీ అక్క కాదా?" అని పక్క సీటు వైపు మళ్ళీ చూశాడు. టికెట్ చింపి ఇచ్చి, పులివెందుల వచ్చే వరకూ ఆ వరుస దగ్గరికి రాలేదు.

రామేశ్వరమ్మ బిడ్డను ఇంకా గట్టిగా హత్తుకుంది. హత్తుకున్న కొద్దీ చేతుల్లో బరువు తగ్గుతోంది. ఆమెకు ఇప్పుడు మొదటిసారి భయం వేసింది. ఆ భయంలో కూడా అసూయ మండుతూనే ఉంది: తన ఒడిలోని వాడు తనవాడు కాదని, పక్క సీటులోని దాని ఒడిలో ఉన్నాడని.

సుంకులమ్మ వాకిట్లో మేకలకు సుబాబుల్ కొమ్మలు కట్టివేస్తోంది. ముదురు మనిషి, తల పూర్తిగా నెరిసింది. తిరిగి చూసి, వచ్చిన మనిషి మెడలోని బిళ్ళ మీద చూపు నిలిపింది. ఎవరని అడగలేదు.

"సీర బాగుండాది" అంది. "ముందు నా బిడ్డ కట్టిందేనా?"

"ఆ."

"ఊ. కూచ్చో."

రామేశ్వరమ్మ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. సుంకులమ్మ కొమ్మలు కడుతూనే విన్నది.

"నా బిడ్డ లాక్కున్యాదా?"

"ల్యా."

"అడిగిందా?"

"ల్యా."

"నువ్వు పెడ్తివి, అది తీసుకున్యాది. పెట్టింది తింటే దొంగతనమా?"

"బిడ్డ సచ్చిపోతాడమ్మా."

"నా బిడ్డ సచ్చిపోల్యా? దాని కడుపులోది సచ్చిపోల్యా?" సుంకులమ్మ కొమ్మను నేలకు విసిరికొట్టింది, మేకలు బెదిరాయి. "మీ మగోళ్ళ పార్టీలు ఒకేడు గెలుస్తాండాయి, ఒకేడు ఓడుతాండాయి. నా బిడ్డ మాత్రం ఇంగా ఆ సుట్టుదావలోనే ఉండాది. దానికి దక్కనిది నీకెందుకు దక్కాలా?"

ముసలిదాని కళ్ళు రామేశ్వరమ్మ ముఖం మీద, తడిసిన రవిక మీద, మట్టి పట్టిన బతికున్న పాదాల మీద తిరిగాయి. ఆ చూపు రామేశ్వరమ్మకు కొత్తది కాదు. గూటి ముందు నిలబడిన ప్రతిసారీ తన కళ్ళలో ఉన్నది అదే. ఎదురుగా నిలబడి చూస్తే అది ఇంత ఆకలిగా ఉంటుందని ఆమెకు అంతవరకు తెలియదు.

ఆమె బిడ్డను ముసలిదాని చేతుల్లో పెట్టింది.

సుంకులమ్మ చేతులు బరువుకు సిద్ధపడి, బరువు రాక, పైకి లేచాయి. ఆమె ముఖం మారింది. బిడ్డ పెదవుల చివరి తెల్లచుక్కను వేలితో తుడిచి, వేళ్ళ మధ్య నలిపి చూసింది. అక్కడ తడి లేదు.

"పాలిస్తాండానని అనుకుంటాంది" అంది. "పాపం, దానికి పాలు యాడుంటాయి? వీడు గాలి తాగుతాండాడు. దానికి తెల్దు... తెలిస్తే చెయ్యదు. నా బిడ్డ అట్లాంటిది కాదు." బిడ్డను తిరిగి ఇచ్చేసి, ఇంటి లోపలి తలుపు చూపింది. "పోయి చెప్పు. నా మాట కాదు అది వినాల్సింది. నువ్వే చెప్పు."

తొలికాన్పుకు కూతురు పుట్టింటికి వస్తుందని సున్నం కొట్టి ఉంచిన గది అది. నులకమంచం, మంచం పక్కన నీళ్ళ కాగు, దూలానికి ఉయ్యాల కట్టడానికి ఇనుప కొక్కెం. ఆ కొక్కేనికి ఏనాడూ ఉయ్యాల వేలాడలేదు.

నాగేశ్వరమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఈసారి వీపు పెట్టలేదు. బిళ్ళ మీద లేని ముఖాన్ని రామేశ్వరమ్మ మొదటిసారి చూసింది. సవతి అనుకున్నన్నాళ్ళూ నిండు ఇల్లాలిని ఊహించుకుంది, కూర్చున్నది పిల్ల. చెంపల మీద ఇంకా నూగు పోలేదు. తనకంటే చిన్నది. ఆ వయసులోనే ఆగిపోయింది. రెండు చేతులూ ముందుకు చాచి, బిడ్డను ఇవ్వమని అడుగుతోంది.

ఎన్నాళ్ళో కూడబెట్టుకున్న మాటలన్నీ రామేశ్వరమ్మ నోటికి వచ్చాయి. నీకు పాలు లేవు. నీ రొమ్ము బూడిద. అవి నిజమైన మాటలే. పొడవడానికి అంతకన్నా పదునైనవి దొరకవు. ఆమె చేతుల్లో బిడ్డ మెడ వాల్చాడు. శ్వాస ఉందో లేదో తెలియడం లేదు.

"అక్కా" అంది.

గొంతు దాటని పిలుపు గొంతును చీల్చుకుని వచ్చింది. తనకంటే చిన్నపిల్లను అక్కా అని పిలిచి, ఆ పిల్ల కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అక్కా, నీ దగ్గర పాలు లేవు. నీ తప్పు కాదు. పానం పోయినప్పుడే పాలు పాయె. వీడు తాగుతాండేది ఏమీ ల్యా. సూడు, యెట్లైపోయినాడో."

చాచిన చేతులు కదలలేదు. ఆ పిల్ల ముఖంలో అర్థం కాని బాధ. "నాకియ్యి" అని అడిగి మిగిలింది తీసుకోవాలి, ఆచారం అది. రామేశ్వరమ్మ ఆ మాటను పెదవుల దాకా తెచ్చి, బిడ్డ ముఖం చూసి మింగింది. మిగలడానికి ఏముంది? మిగిలింది తీసుకుంటే పూడ్చడానికే పనికి వస్తుంది.

"బిడ్డ నీవాడే" అంది. "నా నోటితో ఇచ్చినా, నా నోటితో వెనక్కి తీసుకోను. నీ కొడుకే. నేను సాకుతా. పాలు నావి, సాకేది నేను, బిడ్డ నీ బిడ్డ. మాటలొచ్చినాక నిన్నే అమ్మా అంటాడు. నన్ను... నన్ను సిన్నమ్మా అంటాడు. పాలియ్యనీ అక్కా. నీ బిడ్డకు నన్ను పాలియ్యనీ."

గదిలో సున్నపు వాసన తప్ప ఏమీ కదలలేదు. తరువాత, చాచిన చేతులు మెల్లగా వెనక్కి పోయి, ఒడిలో ఒకదాని మీద ఒకటి చేరాయి.

బిడ్డ ఒక్కసారిగా బరువెక్కాడు. రామేశ్వరమ్మ మోచేతులు కిందికి జారాయి. వాడు నోరు తెరిచి, ముఖం ఎర్రగా చేసుకుని, ఆకలితో గుక్కపట్టి ఏడ్చాడు. ఆమె రవిక ముడి విప్పేలోపే నోరు వెతుక్కుంది. పట్టు దొరికింది. గట్టిపడిన రొమ్మును వాడు లాగిన నొప్పికి ఆమెకు కళ్ళు బైర్లు కమ్మాయి. నొప్పితో ఏడ్చిందో, సంతోషంతో ఏడ్చిందో, ఇచ్చేసిన దాని మీద అప్పుడే మొదలైన కడుపుమంటతో ఏడ్చిందో ఆమెకే తెలియదు. మంచం మీది పిల్ల ముందుకు వంగి, బిడ్డ దవడ కదలడాన్ని రెప్ప వేయకుండా చూస్తోంది. రామేశ్వరమ్మ చెంగు తీసి బిడ్డను కప్పబోయింది. మధ్యలో ఆగి, చెంగు వదిలేసింది.

తలుపు దగ్గర సుంకులమ్మ గిన్నెతో నిలబడి ఉంది. ఎంతవరకు విన్నదో అడగలేదు, చెప్పలేదు. "మెంతులేసి కాంచినా" అంది. "తాగు. పాలు పడాల."

బిడ్డకు నాగేశ్వరుడని పేరు పెట్టారు. సంగతి విన్న చెన్నకేశవ రామేశ్వరమ్మ చేతులు పట్టుకుని, "నీ అంత మంచిది ఎవరూ ఉండరు" అన్నాడు. అతడు ఆమె ముఖంలోకి సూటిగా చూసి మాట్లాడింది అదే మొదలు. ఆ చూపు కోసం ఆమె ఎన్నాళ్ళు కాచుకుందో! తీరా వచ్చాక, అది కూడా ఆ పిల్ల పేరు మీదనే వచ్చింది.

వాడికి నడక వచ్చింది, మాట వచ్చింది. ఒకనాటి ఉదయం ప్రొద్దుటూరు ఇంటి వాకిట్లో నాలుగిళ్ళ ఆడవాళ్ళు బియ్యం ఏరుతుండగా, వాడు మేకపిల్ల వెంట పరుగెత్తి బండ మీద పడ్డాడు. మోకాలు చిట్లింది. "అమ్మా!" అని కేకవేశాడు. రామేశ్వరమ్మ చేట పడేసి చేతులు చాచి లేచింది. వాడు ఆ చేతుల పక్కగా పరుగెత్తి లోపలి గదిలోకి పోయాడు. ఏడుపు ఆగింది. లోపల ఎవరో ఊదినట్టు, ఎవరో బుజ్జగించినట్టు కొంతసేపు నిశ్శబ్దం. ఆడవాళ్ళు బియ్యం ఏరడం మాని ఒకరినొకరు చూసుకున్నారు.

వాడు కళ్ళు తుడుచుకుని బయటికి వచ్చాడు. "సిన్నమ్మా, ఆకలి."

"ఏందమ్మే ఇది, కన్నతల్లిని సిన్నమ్మ అంటాడు?" అంది ఒకామె.

"అనుకోనీలే అక్కా" అంది లాల్‌బీ, చేటలో రాళ్ళు గట్టిగా వెతుకుతూ. "ఆకలైతే ఎవరి దగ్గరికి వస్తాండాడో సూడు. పేరుతో పనేంది?"

రామేశ్వరమ్మ లోపలికి పోయి అన్నంలో పప్పు, నెయ్యి కలుపుకొచ్చింది. వాడిని ఒడిలో కూర్చోబెట్టుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టింది. వాడు నమిలాడు. నములుతూ, ఆమె భుజం మీదుగా వెనకకు చూసి, పప్పు అంటిన నోటితో నవ్వాడు.

ఆమె వెనక్కి తిరగలేదు. ఎడమ చేత్తో వాడి గడ్డం పట్టుకుని, ముఖాన్ని తన వైపు తిప్పుకుంది.

"ఇటు సూడు" అంది. "తినేటప్పుడు ఇటు సూడు."